నలభై ఒకటో వరుస

క్లాక్స్‌విక్‌లో వాన పైనుంచి పడదు,
పక్కనుంచి వచ్చి కిటికీని రుద్దుతుంది.
చేపల వేలంశాల మీది గదిలో
మూడు బల్లలు, ఒక హీటరు, నేను,
తొమ్మిది రిపాజిటరీలు:
పడవ వేళలకొకటి, మంచు గోదాముకొకటి,
కాటా లెక్కలకొకటి,
తక్కినవి ఎవరు ఎందుకు మొదలుపెట్టారో
ఎవరికీ గుర్తులేనివి.

ఈ వారం నా పని అన్నిటికీ ఒకే అచ్చు పోయడం.
పేరు కొడితే చాలు,
కమిట్ హుక్కూ బిల్డ్ స్క్రిప్టూ
ఒకే కొలతకి అల్లిన మేజోళ్లలా
జతలు జతలుగా దిగాలి.

మా నాన్న నలభై ఏళ్లు కాడ్ చేపల వెనక తిరిగాడు.
హుక్ అంటే ఆయనకి గాలమే.
"దానికేం పడతాయిరా?"
"తప్పులు."
"ఎర?"
తడుముకున్నాను.
"తొందర," అన్నాను చివరికి.
ఆయన నవ్వలేదు. ఆ చేప ఆయనకి తెలుసు.

పాత హుక్కులన్నీ సున్నువా చేతి రాతలు.
పోయినేడు ఉద్యోగం మాని
అవతలి దీవిలో ఉన్ని వడుకుతోంది ఆవిడ.
ఒక్కోదానికి ఒక్కో నడక.
ఒకటి ఖాళీ జాగాల మీద కోప్పడుతుంది,
ఒకటి పరీక్షలన్నీ ముగిసేదాకా గడప దాటనివ్వదు.
పడవ వేళల హుక్కులో మాత్రం
నలభై ఒకటో వరుస అంతుపట్టలేదు నాకు:
రెండు ముక్కలు, "ఫీరి" ఒకటి, "బిల్స్" ఒకటి,
మధ్యలో వాటిని అతికే చిన్న గుర్తు.
కలిపితే, మా భాషలో, తాత్కాలికం.
ఆ మాట ఎక్కడ కనబడినా కమిట్ ఆగిపోవాలట.
ఎందుకో పక్కన ఒక్క ముక్కా రాయలేదు.

తీసేశాను.
బిల్డ్ పచ్చగా వెలిగింది.
పచ్చదీపానికి ఏమీ గుర్తుండదు.

రాత్రి మనసాగక ఫోన్ చేశాను.
వెనక రాట్నం ఆగిన చప్పుడు.
"ఆ మాట మొదట రాసింది నేనే," అంది.

ఒక డిసెంబరు గాలివానకి
ఆదివారపు ఆఖరి పడవని అరగంట వెనక్కి జరిపారు.
ఆవిడ వేళని కోడ్‌లో చేత్తో దిద్ది
పక్కన రాసింది: తాత్కాలికం.
గాలి తగ్గింది. పడవ పాత వేళకి వచ్చేసింది.
రేవులో బోర్డు రాలేదు.

మరుసటి ఆదివారం మార్యున్ అనే పెద్దావిడ
జబ్బుపడ్డ కుక్కపిల్లని కోటు లోపల పెట్టుకుని
బోర్డు వెలుగు కింద నిలబడింది.
ఆరు ఇరవై, అంటోంది బోర్డు.
ఐదు యాభైకే వెళ్లిపోయిన పడవ దీపం
దూరంగా కనిపిస్తూనే ఉంది.
అది వేరే పడవ అనుకుంది.
కంటికన్నా బోర్డుని నమ్మింది.

"కుక్కపిల్ల?" అన్నాను.
"బతికింది. అది కాదు నా బాధ.
ఆవిడ నన్ను తిట్టలేదు.
ఆఫీసులో వేళ్లు కొంకర్లు పోయి తప్పు కొట్టానేమోనని
ఉన్ని తొడుగులు అల్లి పంపింది."

కాసేపు ఇద్దరం గాలిని విన్నాం,
ఆ దీవిదీ, ఈ దీవిదీ.

వరుసని మళ్లీ పెట్టాను,
ఈసారి అచ్చులోనే, తొమ్మిదింటికీ.
తెలివిమీరి, విరిగిన మాటని అతికి
ఒకే ముక్కగా శుభ్రంగా రాశాను.
కమిట్ కొట్టాను.
హుక్ నన్నే ఆపింది:
ఈ ఫైలులో ఆ మాట ఉంది.

అప్పుడు తెలిసింది సున్నువా దాన్ని ఎందుకు విరిచిందో.
గాలం తన దారాన్నే తగులుకోకుండా.

మళ్లీ విరిచాను.

హుక్కులు రిపాజిటరీ వెంట ప్రయాణం చెయ్యవు,
ఎవరి యంత్రానికి వాళ్లే తగిలించుకోవాలి.
రేపు చేరబోయే ఎలిన్‌బోర్గ్ యంత్రానికి
ఇవాళే తగిలించి,
నలభై ఒకటో వరుస పక్కన
ఇన్నాళ్లూ లేని వ్యాఖ్య ఒకటి రాశాను:

పెద్దావిడ, కుక్కపిల్ల, ఆరు ఇరవై.
అర్థం కాకపోతే తీసెయ్యకు,
ఫోన్ చెయ్యి. నంబరు కింద ఉంది.